మిరప గింజ ఇంట్లోంచి ఎప్పుడు వెళ్ళిపోయింది?

రెండేళ్ళ క్రితం ఊర్నుంచి మావయ్య పంపిన ఎండు మిరపకాయల్లోంచి ఒక మంచి కాయ ఏరి, విరిచి, గింజలు తీసి హైదరాబాదులో మా ఫ్లాటు బాల్కనీలో కుండీల్లో వేశాను. ముప్ఫై గింజలు వేస్తే పందొమ్మిది మొలిచాయి. వాటిలో ఎనిమిది నారుకుళ్ళుతో పోయాయి (రోజుకి రెండుసార్లు ప్రేమగా నీళ్ళు పోసిన పాపం నాదే). మిగిలిన పదకొండూ బతికాయి, కాశాయి. ఇంతవరకూ గొప్పేం లేదు, మిరప మొక్క ఎవరింట్లోనైనా కాస్తుంది. అసలు సంగతి ఏంటంటే, ఒకే కాయలోంచి వచ్చిన ఆ పదకొండు మొక్కల్లో ఏ రెండిటి కాయలూ ఒకేలా లేవు. ఒకదానికి వేలెడు పొడుగు, ఒకదానికి బొటనవేలంత పొట్టి, ఒకటి ఆకాశం వైపు చూస్తూ కాసింది, ఇంకోటి ఏపుగా గుబురుగా పెరిగి ఆరే ఆరు కాయలిచ్చింది. మావయ్య పంపిన కాయలాంటిది మాత్రం ఒక్క మొక్కకీ కాయలేదు.

ఫోన్ చేసి చెప్తే మావయ్య పగలబడి నవ్వాడు. "అంత చదువు చదివావు, హైబ్రిడ్ గింజ మళ్ళీ ఎవడైనా ఏస్తాడంట్రా?"

"మరి అమ్మమ్మ వేసేది కదా?"

"అదా... ఆ రోజులు వేరు."

ఆ రోజులు ఎప్పుడు మొదలయ్యాయి, ఎప్పుడు అయిపోయాయి? ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. అప్పట్నుంచీ దొరికిందల్లా చదువుతూ, ఊరెళ్ళినప్పుడల్లా పెద్దవాళ్ళని విసిగిస్తూ పోగేసుకున్నదే ఇదంతా.

మా అమ్మమ్మగారి ఊరు పర్చూరు అవతల, నల్లరేగడి నేల. ఊరు ఎక్కడికీ కదల్లేదు గానీ జిల్లాలే దాని మీదుగా నడిచిపోయాయి. 1970 దాకా గుంటూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. పత్తీ మిరపా తప్ప వేరే మాట వినపడని ఊరు. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి మిరపకాయ మనది కాదంటే కాస్త చివుక్కుమంటుంది. కానీ నిజం అదే. దాని పుట్టిల్లు అమెరికా ఖండాలు. మనం వాడే మిరప జాతిని, అంటే కాప్సికమ్ ఆన్యువమ్‌ని, మెక్సికో ప్రాంతంలో కొన్ని వేల ఏళ్ళ క్రితమే మచ్చిక చేశారు. 1492లో కొలంబస్ మిరియాల కోసమని బయల్దేరి, మిరియాలు దొరక్క, దొరికిన ఈ కాయకే మిరియం పేరు తగిలించాడు. ఇంగ్లీషువాడు ఇవాళ్టికీ రెండిటినీ పెప్పర్ అనే అంటాడు.

అయితే ఈ పొరపాటు కొలంబస్ ఒక్కడిదే అనుకుంటే మనకి మనం అన్యాయం చేసుకున్నట్టే. మనవాళ్ళూ అదే చేశారు. మిరియం నుంచి మిరప. కన్నడంలో మిరియం మెణసు, మిరపకాయ మెణసినకాయి. తమిళంలో మిళగు, మిళగాయ్. హిందీలో రెండూ మిర్చే. పోర్చుగీసువాళ్ళు 1498లో కాలికట్ చేరారు, 1510లో గోవా పట్టుకున్నారు. వాళ్ళ ఓడల్లో వచ్చిన కాయ ఎంత వేగంగా అల్లుకుపోయిందంటే, 1542లో జర్మనీలో లియోన్‌హార్ట్ ఫుక్స్ అనే వైద్యుడు మూలికల మీద వేసిన పెద్ద పుస్తకంలో దీన్ని కాలికట్ మిరియం అన్నాడు. కొలంబస్ తిరిగొచ్చి యాభై ఏళ్ళు తిరగలేదు, అప్పటికే యూరప్‌లో ఇది ఇండియా కాయ! పురందరదాసు (1484-1564) పేర మిరపకాయ మీద ఒక కీర్తన ఉందని ఆహార చరిత్రకారుడు కె.టి. అచ్చయ్య రాశారు. అదే పదిహేనో శతాబ్దం మొదటి సగంలోని శ్రీనాథుణ్ణి తీసుకోండి. పల్నాటి జొన్నతిండి మీద విసుక్కున్న చాటువులు ఆయన పేర ఎన్నో చెలామణిలో ఉన్నాయి. పాపం ఆయన విసుక్కోవడానికి కారణం లేకపోలేదు, ఆ జొన్న సంకటిలోకి నంజుకోడానికి అప్పటికింకా పండుమిరప పచ్చడి పుట్టలేదు.

ఇంకో చిన్న సాక్ష్యం భాషలో ఉంది. మనకి బయట్నుంచి వచ్చినవాటికి 'సీమ' తగిలించడం అలవాటు. సీమచింత, సీమవంకాయ, సీమజామ. అదే మిరపజాతిదైన కాప్సికమ్‌ని కూడా బెంగుళూరు మిరపకాయ అని పొరుగూరి పేరు పెట్టి దూరంగా కూర్చోబెట్టాం. మామూలు మిరపకాయకి మాత్రం ఏ తోకా లేదు. పైగా 'కారం' అనే రుచి పేరే దాని పొడికి పేరైపోయింది.

ఇంత త్వరగా ఎలా మనదైపోయింది? నాకు తోచిన జవాబు చాలా మామూలుది. గింజ దాచుకోడం తేలిక. ఒక ఎండు కాయలో పదుల కొద్దీ గింజలుంటాయి. కాయే డబ్బా, కాయే ప్యాకెట్టు. ఒడిలో కట్టుకుని పుట్టింటి నుంచి అత్తింటికి తీసుకుపోవచ్చు. ఎండబెట్టి దాచితే రెండు మూడేళ్ళు మొలుస్తుంది. మిరియం తీగకి మలబారు వానలూ నీడా కావాలి, రాజులూ వర్తకులూ దాని కోసం కొట్టుకున్నారు. మిరప మొక్కకి పెరట్లో నూతి దగ్గర జానెడు జాగా చాలు. మిరియం కొనుక్కోవాలి, మిరప పండించుకోవచ్చు. పేదవాడి కంచంలోకి ఘాటు అలా వచ్చింది.

(అన్నట్టు, ఆ ఘాటు మనకోసం పుట్టింది కాదు. మిరపలోని కాప్సైసిన్ మన నాలుక మీద వేడిని పసిగట్టే గ్రాహకాన్ని తట్టి లేపుతుంది. ఆ గ్రాహకాన్ని 1997లో కనిపెట్టిన డేవిడ్ జూలియస్‌కి 2021లో నోబెల్ వచ్చింది. పిట్టలకి మాత్రం ఆ మంట తెలీదు. జంతువులు గింజని నమిలి నాశనం చేస్తాయి, పిట్ట మింగి ఇంకెక్కడో రెట్టతో విత్తి పోతుంది. అందుకే జంతువుని తరిమి పిట్టని పిలిచే ఏర్పాటు అది. మనిషి ఒక్కడే తరిమినా పోకుండా, ఊరగాయ పెట్టుకున్నాడు.)

ఇక అమ్మమ్మ దగ్గరికొస్తాను. నా చిన్నప్పటికి మావయ్య వాళ్ళు పొలంలో ప్యాకెట్టు విత్తనాలు మొదలుపెట్టేశారు. కానీ అమ్మమ్మ మాత్రం పెరటి కోసమని, చేలో ఓ మూల నాలుగు సాళ్ళ కోసమని సొంత గింజ ఉంచేది. ఆవిడ పద్ధతి నాకు బాగా గుర్తుంది. గింజ ఏరడం కల్లంలో మొదలయ్యేది కాదు, చేలోనే మొదలయ్యేది. కాపు మీదున్నప్పుడు సాళ్ళలో నడుస్తూ, బొబ్బర (ఆకు ముడత) లేని, కొమ్మకొమ్మకీ కాయ ఉన్న మొక్కలు చూసి పాత చీర పేలిక కట్టేది. కోతకొచ్చిన కూలీలకి "గుడ్డ కట్టినోటి జోలికి పోబాకండి" అని ముందే చెప్పేది. ఆ మొక్కల మీద రెండో కోత కాయలు చెట్టునే పూర్తిగా పండనిచ్చి, కల్లం ఎండలో కాకుండా వసారాలో నీడన ఎండబెట్టేది. కాయలు కాయలుగానే, వేపాకూ కాస్త బూడిదా వేసి చిన్న కుండలో పెట్టి మూతికి గుడ్డ కట్టి అటక ఎక్కించేది. పునర్వసు, పుష్యమి కార్తెల్లో నారు పోసేటప్పుడే కాయ విరిచేది. ముందే ఎందుకు విరవవని అడిగితే, "గింజ దాని ఇంట్లో అది ఉంటేనే ఇత్తనం, బయటికొస్తే కారంలోకే" అంది.

అప్పుడు నాకది చాదస్తంగా అనిపించింది. ఇప్పుడు చదివితే తెలుస్తోంది, ఆవిడ చేసినదాన్ని వ్యవసాయ శాస్త్రంలో మాస్ సెలెక్షన్ అంటారు. మిరప పువ్వు ఎక్కువగా తన పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతుంది గానీ, తేనెటీగలు తిరిగితే పక్క మొక్కతోనూ బాగానే కలుస్తుంది. అందుకని వదిలేస్తే రెండు మూడేళ్ళలో రకం కలగాపులగం అయిపోతుంది. ఏటేటా పేలిక కట్టి ఏరుతూ ఉంటేనే నిలబడుతుంది. అంటే రకం అనేది కుండలో లేదు, ఏరే కంట్లో ఉంది.

గుంటూరు పక్కన లాం ఫారం మొదలైంది 1922లో. మిరప మీద ఆ పరిశోధనా స్థానం చేసినంత పని దేశంలో చాలా తక్కువచోట్ల జరిగింది. జి-1, జి-2, జి-3 అని మొదట వచ్చిన రకాలు, జి అంటే గుంటూరే, ఆకాశంలోంచి ఊడిపడలేదు. రైతుల చేలల్లో ఉన్న నాటురకాల్లోంచి మంచి మొక్కలు ఏరి, ఒక్కో మొక్క సంతానాన్నీ విడివిడిగా పెంచి, లెక్కలు రాసి, తేల్చిన రకాలవి. అమ్మమ్మల పనినే నోటుపుస్తకం పట్టుకుని ఇంకా పద్ధతిగా చేశారన్నమాట. ఆ తర్వాత జి-4 భాగ్యలక్ష్మి, జి-5 ఆంధ్రజ్యోతి, సింధూర, ఎల్.సి.ఎ. వరసలో ప్రకాశ్, భాస్కర్, 334... మా వైపు '334' అంటే సెల్ నంబరు కాదు, కాయ పేరు.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం. ఇవన్నీ సూటి రకాలు. లాం నుంచి ఒకసారి గింజ తెచ్చుకుంటే, జాగ్రత్తగా ఏరుకుంటూ అయిదారేళ్ళు ఇంటి గింజే వాడుకోవచ్చు, పక్కింటికి ఓ దోసెడు ఇవ్వచ్చు. సర్కారు ఫారం రైతుకి గింజ ఇచ్చింది, ఏరే పని మాత్రం లాక్కోలేదు. అందుకే గింజ ఇంట్లోంచి పోయింది లాం వల్ల కాదు.

పోయింది పత్తి దారిలో, అని నా అభిప్రాయం. 1970లో గుజరాత్‌లోని సూరత్ కేంద్రంలో డాక్టర్ సి.టి. పటేల్ హెచ్-4 పత్తిని విడుదల చేశారు, వాణిజ్య స్థాయిలో సాగైన మొదటి హైబ్రిడ్ పత్తి ప్రపంచంలోనే అది. అంతకు మూడేళ్ళ ముందే, 1967లో, నాగార్జునసాగర్ కాలవలకి నీళ్ళొదిలారు. నీళ్ళు, నల్లరేగడి, హైబ్రిడ్ పత్తి, అప్పుకి మందులిచ్చే కొట్టు. ఈ నాలుగూ కలిసేసరికి మా వైపు సేద్యం రూపమే మారిపోయింది. ఏటా కొత్త గింజ కొనాలనే అలవాటు రైతుకి పత్తే నేర్పింది. ఆ కథలో చీకటి అధ్యాయం 1987-88. తెల్లదోమ విరుచుకుపడి, ఎన్ని మందులు కొట్టినా చావక, ప్రకాశం, గుంటూరు జిల్లాల పత్తి రైతులు ఆత్మహత్యలు చేసుకున్నారు. అమ్మమ్మ ఆ ఏడాది గురించి ఎప్పుడూ ఎక్కువ మాట్లాడలేదు. "మందు డబ్బాలు ఇళ్ళల్లో పెట్టుకున్న ఏడు" అనేది, అంతే.

అదే 1988లో కేంద్రం కొత్త విత్తన విధానం తెచ్చి కూరగాయల విత్తనాల దిగుమతికి తలుపులు బార్లా తెరిచింది. తర్వాత 1991 సరళీకరణ. ప్రైవేటు హైబ్రిడ్ మిరపలు అలా వచ్చి పొలాల్ని నింపేశాయి. మిరపలో హైబ్రిడ్ గింజ తీయడం మహా ఓపిక పని. మొగ్గ విప్పకముందే ఒక్కో పువ్వులో కేసరాలు పీకేసి, వేరే రకం పుప్పొడి చేత్తో అద్దాలి. కర్ణాటకలో రాణెబెన్నూరు, హావేరి వైపు కూలీలు, ముఖ్యంగా ఆడవాళ్ళు, ఈ పని చేస్తారు. అందుకే ఆ గింజ గ్రాముల్లో అమ్ముతారు. లెక్క చూడండి. నేలలో గొర్రుతో నేరుగా విత్తేటప్పుడు ఎకరాకి రెండున్నర కిలోల గింజ పట్టేది, నారు పోస్తే 650 గ్రాములు. హైబ్రిడ్ అయితే వంద గ్రాములు చాలు. మొదటిది ఇంట్లో ఊరికే ఉండేది. రెండోది పది గ్రాముల ప్యాకెట్లలో, వందల రూపాయలకి. కిలో లెక్కన వేసుకుంటే వెండి కొట్లో అడిగినట్టుంటుంది.

నా బాల్కనీ మొక్కలు పదకొండు రకాలుగా ఎందుకు కాశాయో ఇప్పుడు తెలిసిపోయుంటుంది. హైబ్రిడ్ అంటే రెండు వేర్వేరు తల్లిదండ్రుల మొదటి తరం. ఆ తరంలో మొక్కలన్నీ అచ్చుగుద్దినట్టుంటాయి. దాని గింజ మళ్ళీ వేస్తే తాతల నాయనమ్మల గుణాలన్నీ విడిపోయి ఎవరి దారి వాళ్ళది. నా వృత్తి భాషలో చెప్పాలంటే, అమ్మమ్మ కుండలో ఉన్నది సోర్స్ కోడ్. ప్యాకెట్లో వచ్చేది ఎక్జిక్యూటబుల్. నడుస్తుంది, బ్రహ్మాండంగా నడుస్తుంది, కానీ విప్పి మార్చుకోలేం, ఏడాదికోసారి లైసెన్సు కట్టాలి.

మన చట్టం ఈ విషయంలో నిజానికి చాలా మంచిది. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతు హక్కుల చట్టం, సెక్షన్ 39 ప్రకారం రైతు తన పంట నుంచి గింజ దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, ఇచ్చి పుచ్చుకోవచ్చు, బ్రాండు పేరు పెట్టకుండా అమ్ముకోవచ్చు కూడా. ఇంత స్పష్టంగా రైతుకి హక్కు రాసిచ్చిన దేశాలు తక్కువ. కానీ హైబ్రిడ్ విషయంలో ఆ హక్కు ఎందుకు పనికొస్తుంది? దాచుకోవద్దని ఎవరూ అనరు, దాచుకున్నా లాభం లేదు. చట్టం ఇచ్చిన హక్కుని గింజే వెనక్కి తీసేసుకుంది.

హైబ్రిడ్‌ని తిట్టడానికి ఇదంతా రాయట్లేదు. బాల్కనీలో కూచుని మావయ్యకి నాటు గింజ వెయ్యమని చెప్పే హక్కు నాకు లేదు. దిగుబడీ, తెగుళ్ళని తట్టుకునే గుణమూ లేకపోతే ఇవాళ్టి కూలి రేట్లతో కోత ఖర్చులే రావు. నా బాధ వేరే. ఒక సంవత్సరం మావయ్య తెచ్చిన ప్యాకెట్టు గింజ మొలిచింది, నడుము ఎత్తు పెరిగింది, పచ్చగా కళకళలాడింది, కాయ మాత్రం నిలవలేదు. కొట్టు వాడు బిల్లు ఇవ్వలేదు, చిట్టీ మీద రాసిచ్చాడు. కంపెనీ వాళ్ళొచ్చి చూసి వాతావరణం అన్నారు. ఆఫీసుల్లో బిల్లేదన్నారు. అమ్మమ్మ కాలంలో అయితే గింజ మంచిదో కాదో ముందు ఏడాదే చూసిన మొక్క చెబుతుంది. ఇప్పుడు మావయ్య చూడగలిగింది ప్యాకెట్టు మీద బొమ్మ. నలభై ఏళ్ళు మిరప పండించిన మనిషి, విత్తనం దగ్గర మాత్రం నాలాగే కొత్తవాడు.

2021లో నల్ల తామర పురుగు (త్రిప్స్ పార్విస్పైనస్ అంటారు) వచ్చి పూతని తినేసినప్పుడు ఇది మరీ బాగా కనపడింది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ చేలకి చేలు పీకేశారు. ఆ తర్వాత ధర ఎగబాకింది, అందరూ మళ్ళీ మిరపే వేశారు, 2025 మొదట్లో పడిపోయింది. కేంద్రం క్వింటాలుకి 11,781 రూపాయల లెక్కన జోక్యం చేసుకోవాల్సొచ్చింది. పురుగు వచ్చినా, ధర పడినా, గింజ ఖర్చు మాత్రం ముందే కట్టాలి. ఇంకో తమాషా, 'గుంటూరు సన్నం'కి జి.ఐ. గుర్తింపు ఉంది. యార్డులో మాత్రం ఎక్కువగా వినపడేది తేజ, 341, నంబర్ 5, బాడిగ.

ఇంట్లో వేసుకునేవాళ్ళకి మాత్రం ఏ బలవంతమూ లేదు కదా! కొట్లో కొన్న ఎండుకాయలోంచి తియ్యకండి, నాలా పదకొండు రకాలు చూడాలని సరదా ఉంటే తప్ప :) నిరుడు లాం వాళ్ళ 334 గింజ సంపాదించి వేశాను. గింజలు వెచ్చగా, ఇరవై అయిదు ముప్ఫై డిగ్రీల్లో ఉంటే ఎనిమిది పది రోజుల్లో మొలుస్తాయి. మట్టి తడిగా ఉండాలి, బురదగా కాదు. ఆరు వారాల నారు పెద్ద కుండీలోకి మార్చాను. తొమ్మిది మొక్కలు, తొమ్మిదీ ఒక్క తల్లి బిడ్డల్లా కాశాయి. పక్క బాల్కనీలో బెంగుళూరు మిరప ఉంది గనక, గింజకి ఉంచిన కొమ్మకి పూత రాకముందే పల్చటి గుడ్డ సంచి తొడిగి, రోజూ ఉదయం కొమ్మని వేలితో కాస్త కదిపాను. ఆ కాయల గింజే ఈ ఏడు వేశాను. అవీ తల్లిలాగే ఉన్నాయి.

అమ్మమ్మ పోయిన చాన్నాళ్ళకి, 2019లో పాత ఇల్లు విప్పేటప్పుడు అటక మీద ఆ కుండ దొరికింది. మూతికి కట్టిన గుడ్డ అలాగే ఉంది. లోపల వేపాకు పొడైపోయింది, కాయలు నల్లబడ్డాయి. నలభై గింజలు తడిగుడ్డలో కట్టి పదిహేను రోజులు చూశాను. ఒక్కటీ మొలవలేదు. ఆ రకానికి పేరేమిటని మావయ్యని అడిగితే, "పేరేందిరా, మన ఇంటి కాయ" అన్నాడు.

పర్చూరు, ఇంకొల్లు, చిలకలూరిపేట, నరసరావుపేట వైపు మీ ఇళ్ళల్లో ఎవరైనా పెద్దావిడ ఇప్పటికీ పెరట్లో సొంత గింజే వేస్తుంటే, నాకో పది కాయలు కావాలి. గింజలు తియ్యొద్దు, కాయలు కాయలుగానే పంపండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమ్మ పట్టి బూజొస్తుంది. న్యూస్ పేపర్లో చుట్టి, ఏ ఊరిదో, ఎవరు ఏరారో మీద రాస్తే చాలు.